సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు: అడిగిన రేటుకు బండి తూగుతుందా?

కర్నూలు, అనంతపురం, కడప వైపు స్పోర్ట్స్ కారు అమ్మకానికి వచ్చిందంటే, చాలావరకు అది బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఒకరిద్దరి చేతులు మారి వచ్చిందే. ఆక్టేవియా ఆర్‌ఎస్, పోలో జీటీఐ, మస్టాంగ్, బీఎండబ్ల్యూ జెడ్4, ఆడి టీటీ లాంటి బండ్లకు స్విఫ్ట్‌కు ఉన్నట్టు నలుగురికీ తెలిసిన రేటు ఉండదు. 2020లో వచ్చిన ఆక్టేవియా ఆర్‌ఎస్ 245 దేశం మొత్తానికి 200 కార్లే. పోల్చి చూద్దామంటే పక్కన ఇంకో బండి దొరకదు. అమ్మేవారికి అదే బలం. ‘ఇలాంటిది ఇంకొకటి చూపించండి’ అంటారు, మనం చూపించలేం, రేటు అక్కడే నిలబడిపోతుంది.

దీనికి దారి ఒక్కటే. బండి మీద బాకీ ఎంతుందో లెక్కకట్టాలి. బాకీ అంటే బ్యాంకు లోను ఒక్కటే కాదు. మార్చాల్సిన గేర్‌బాక్స్ ఆయిలు, వాయిదా వేసిన బ్రేకు డిస్కులు, ఐదేళ్లు దాటిన టైర్లు, కట్టని టాక్సు, ఇవన్నీ పాత ఓనరు మిగిల్చిన బాకీలే. ఆర్‌సీ మీ పేరుకు మారిన రోజున అవి కూడా మీ పేరుకే మారతాయి. ఆ మొత్తం తేలితే తప్ప అడిగిన రేటు ఎక్కువో తక్కువో చెప్పలేం.

బండి చూడ్డానికి వెళ్లేముందు

ఆర్‌సీ, ప్రస్తుత ఇన్సూరెన్సు పాలసీ, సర్వీసు బిల్లులు, ఛాసిస్ నంబరు, నాలుగు టైర్ల తేదీ కోడ్లు, వీటి ఫొటోలు ముందే వాట్సాప్‌లో అడగండి. ‘వచ్చి చూడండి, అన్నీ ఉన్నాయి’ అంటూ ఒక్కటీ పంపకపోతే పెట్రోలు ఖర్చు పెట్టుకొని వెళ్లడం దండగ.

మొదట నంబరు ప్లేటు. పాత రిజిస్ట్రేషన్లలో అనంతపురానికి ఏపీ 02, కడపకు ఏపీ 04, కర్నూలుకు ఏపీ 21. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ వచ్చింది. 2014లో తయారైన కారుకు ఏపీ 39 ఉందంటే, అది 2019 తర్వాతే మన రాష్ట్రంలో రిజిస్టరైంది. అంటే అంతకుముందు ఐదేళ్లు ఇంకెక్కడో తిరిగింది. ఆ ఐదేళ్ల సర్వీసు బిల్లులు అడగండి. ‘లోకల్ బండి’ అన్న మాటను ప్లేటు చూసి నమ్మొద్దు.

తర్వాత కేంద్ర రవాణా శాఖ సైటు పరివాహన్ పోర్టల్లో బండి వివరాలు (వాహన్) తెరిచి చూడండి. ఎన్నో ఓనరు, ఫైనాన్సు కంపెనీ పేరు ఇంకా ఉందా, ఇన్సూరెన్సు ఎప్పటిదాకా, బ్లాక్‌లిస్టు ఏమైనా ఉందా, అక్కడ తెలుస్తుంది. లోను తీరిపోయిందని నోటిమాటగా చెప్తే సరిపోదు. బ్యాంకు ఇచ్చిన ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), దానితో పాటు ఆర్‌సీ మీద లోను తీసేయించే ఫారం 35 చేతిలో ఉండాలి. చలాన్లు కూడా ఈ-చలాన్ సైట్లో నంబరు కొట్టి చూసుకోండి.

ఇన్సూరెన్సు పాలసీలో చాలామంది ప్రీమియం మాత్రమే చూస్తారు. చూడాల్సింది ఎన్‌సీబీ (నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) శాతం. క్లెయిము లేకుండా గడిచిన ఏళ్లను బట్టి అది 20, 25, 35, 45, 50 అంటూ పెరుగుతుంది. ఒకే ఓనరు దగ్గర ఆరేళ్లుగా ఉన్న బండికి ఎన్‌సీబీ 0 అని ఉంటే, నిరుడు క్లెయిము జరిగిందనే అనుమానించాలి. ఏం రిపేరు చేశారో ఆ బిల్లు అడగండి. ఒక సంగతి గుర్తుపెట్టుకోండి: ఎన్‌సీబీ మనిషిది, బండిది కాదు. ఓనరు ఈ మధ్యే మారి ఉంటే 0 ఉండడంలో తప్పేం లేదు.

బండి ఏ ఊళ్లో తిరిగిందో తెలిస్తే వరదల తేదీలతో సరిచూడండి. చెన్నై 2015 డిసెంబరు, మళ్లీ 2023 డిసెంబరు. హైదరాబాద్ 2020 అక్టోబరు. బెంగళూరు 2022 సెప్టెంబరు. విజయవాడ 2024 సెప్టెంబరు. ఆ నెలల తర్వాత పెద్ద రిపేరు బిల్లు కనిపించినా, ఆ తర్వాత బిల్లులే లేకపోయినా, వెంటనే ఓనరు మారినా బండిని మామూలు కంటే రెండింతలు శ్రద్ధగా చూడాలి.

రెండు సార్లు వెళ్లాలి: పొద్దున్నే ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి

పొద్దున ఆరేడు గంటలకు, రాత్రంతా ఆపి ఉంచిన బండిని చూడాలి. ‘నేనొచ్చేదాకా స్టార్టు చేయొద్దు’ అని ముందురోజే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ముందే తిప్పి ఉంచారన్నమాట. మర్యాదగా ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి.

స్టార్టు చేసే ముందే కూలెంటు (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ట్యాంకు మూత, ఆయిలు మూత తెరవండి. వేడి ఇంజిన్ మీద కూలెంటు మూత ముట్టుకోవద్దు, చెయ్యి, మొహం కాలతాయి. ఆయిలు మూత లోపల మీగడ లాంటి పసుపు జిగురు ఉంటే నీళ్లు కలిసినట్టు. ఇప్పుడు స్టార్టు చేయించి మీరు సైలెన్సర్ వెనక నిలబడండి. మొదటి రెండు సెకన్లలో గొలుసు ఈడ్చినట్టు గరగర శబ్దం వస్తే టైమింగ్ చైను (ఇంజిన్‌లో వాల్వులను, పిస్టన్లను ఒక లయలో కదిలించే గొలుసు) వైపు చూడాలి. 2012 ముందటి ఆడి, స్కోడా టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) పెట్రోలు ఇంజిన్లలో చైనును బిగువుగా ఉంచే టెన్షనర్ పాడవడం అందరికీ తెలిసిన జబ్బు. అది వదిలేస్తే చైను జారి వాల్వులు, పిస్టన్లు కొట్టుకుంటాయి. అప్పుడు ఇంజిన్ మార్చడమే.

పొగ నీలంగా ఉంటే ఆయిలు కాలుతోంది. టర్బో సీలు గానీ, వాల్వు సీలు గానీ, పిస్టన్ రింగులు గానీ పోయి ఉంటాయి. నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది, లేదా ఎవరో ట్యూనింగ్ చేశారు. తెల్లపొగ విషయంలో మన ఎండలు మనకే సాయం చేస్తాయి. డిసెంబరు పొద్దున కాస్త ఆవిరి రావడం మామూలే. ఏప్రిల్లో, మే నెలలో తెల్లపొగ ఆగకుండా వస్తూ, తియ్యటి వాసన కూడా వస్తే అది కూలెంటే. ఇంజిన్ పై భాగానికి, కింది భాగానికి మధ్య ఉండే హెడ్ గాస్కెట్ పోయిందనుకొని లెక్క వేయండి.

రంగు కింద ఏముంది

రంగు మందం కొలిచే మీటరు కొన్ని వేలకే దొరుకుతుంది. లక్షల బేరానికి అది పెద్ద ఖర్చేం కాదు. ఇనుము మీదే కాకుండా అల్యూమినియం మీద కూడా కొలిచే రకం కొనండి. ఎందుకంటే 2015 తర్వాతి మస్టాంగ్‌లో బానెట్, ముందు ఫెండర్లు అల్యూమినియమే. రెండో తరం ఆడి టీటీకి ముందు భాగమంతా అంతే. అక్కడ అయస్కాంతం అంటుకోలేదని లప్పం పెట్టారనుకుంటే పొరపాటు పడతారు.

ఫ్యాక్టరీ రంగు మామూలుగా 80 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. 200 దాటితే మళ్లీ రంగు వేశారు. 500 దాటితే కింద లప్పం ఉంది. అయితే రంగు వేసిన ప్రతి బండీ చెడ్డది కాదు. హైవే మీద తిరిగిన కారుకు ముందు బంపరు, బానెట్ రాళ్ల దెబ్బలు తింటాయి, రంగు వేయించడం సహజం. తలుపు ఒకటి గీసుకుపోయినా అంతే. పై కప్పు మీద, తలుపుల మధ్య స్తంభాల మీద, డిక్కీ లోపలి నేల మీద మాత్రం మళ్లీ రంగు పడి ఉండకూడదు. అక్కడ మీటరు ఎక్కువ చూపిస్తే బండి బోల్తా పడిందో, వెనక నుంచి గట్టిగా గుద్దించుకుందో అయ్యుంటుంది. టింకరింగ్ ఎంత బాగా చేసినా ఆ బండి కొనొద్దు.

తలుపు చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్‌ను ఒక జానెడు లాగి చూడండి. దాని కింద రేకు అంచున గుండ్రటి చిన్న గుంటలు వరసగా, సమానమైన దూరంలో కనిపించాలి. అవి ఫ్యాక్టరీలో రోబో వేసిన స్పాట్ వెల్డింగ్ గుర్తులు. షెడ్డులో కొత్త రేకు అతికిస్తే ఆ వరస రాదు. గుంటలు అడ్డదిడ్డంగా ఉంటాయి, లేదా లప్పంతో పూడిపోయి నున్నగా ఉంటాయి. ఎడమ తలుపు దగ్గర ఒకలా, కుడి తలుపు దగ్గర ఇంకోలా ఉంటే ఎక్కడ కోసి అతికించారో అర్థమైనట్టే. అయ్యాక బీడింగ్‌ను మళ్లీ నొక్కి పెట్టేయండి, ఏం కాదు.

బానెట్ కీళ్ల బోల్టుల మీద, ఫెండరు బోల్టుల మీద స్పానర్ పట్టిన గీతలు చూడండి. అద్దాల మూల ముద్రలు పోల్చండి, ఒక్కటి వేరే కంపెనీది అయితే అది ఎందుకు మారిందో అడగండి. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగండి. కింది భాగంలో మట్టి చార ఉంటే బండి నీళ్లలో మునిగింది. బెల్టు అడుగున తయారీ తేదీ ఉన్న చీటీ కూడా ఉంటుంది. బండి 2017ది, బెల్టు 2021ది అయితే ఎయిర్‌బ్యాగులు తెరుచుకున్న యాక్సిడెంటే గుర్తుకు రావాలి. ఇగ్నిషన్ ఆన్ చేసినప్పుడు ఎయిర్‌బ్యాగు లైటు వెలిగి కొన్ని సెకన్లలో ఆరాలి. అసలు వెలగకపోతే ఎవరో దాన్ని చంపేశారు.

ఎండ, దుమ్ము, బోరునీళ్లు

స్పోర్ట్స్ కార్ల గురించి ఎక్కడ చదివినా ఈ భాగం దొరకదు. మన జిల్లాల్లో బండి పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే కాబట్టి తీరిగ్గా చూడండి.

కూలెంటు తగ్గినప్పుడల్లా బాటిల్లోని బోరునీళ్లు పోసే అలవాటు మన దగ్గర బలంగా ఉంది. మన నీళ్లలో సున్నం ఎక్కువ. కూలెంటు ట్యాంకులోకి టార్చి వేసి చూడండి. బోరునీళ్లు పట్టిన బిందె అంచున తెల్లగా పేరుకునే పొర లాంటిది ట్యాంకు గోడకు కనిపిస్తే, అదే పొర రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ ఉందని అర్థం. స్కోడా, ఫోక్స్‌వ్యాగన్, ఆడిల్లో కూలెంటు గులాబీ లేదా ఊదా రంగులో ఉండాలి. గోధుమరంగు బురదలా ఉంటే రెండు రకాలు కలిపేశారు. రేడియేటర్, థర్మోస్టాట్, వాటర్ పంపు మూడింటినీ బాకీలో రాసుకోండి. ఈ కంపెనీల టర్బో పెట్రోలు ఇంజిన్లలో వాటర్ పంపు, థర్మోస్టాట్ కలిసి ఉన్న ప్లాస్టిక్ హౌసింగ్ ఎలాగూ బలహీనమైనదే. దాని చుట్టూ ఎండిన గులాబీ మరక ఉందేమో చూడండి.

మధ్యాహ్నం రెండు గంటలకు రెండోసారి వెళ్లి, ఏసీ పూర్తిగా పెట్టి, బండిని ఎండలోనే 20 నిమిషాలు ఐడిల్‌లో (కదపకుండా, ఇంజిన్ ఆపకుండా) ఉంచండి. డాష్‌బోర్డులో వేడి చూపించే ముల్లును నమ్మకండి. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు కార్లలో అసలు వేడి ఒక పెద్ద పరిధిలో అటూఇటూ మారుతున్నా ముల్లు మాత్రం 90 మీదే కదలకుండా నిలబడేలా చేసి ఉంచారు. ఓబీడీ స్కానర్‌తో (బండి కంప్యూటర్‌కు తగిలించి చదివే పరికరం) అసలు అంకె చూడండి. 90 నుంచి 105 మధ్య ఎక్కి దిగుతుంటే ఫ్యాను పనిచేస్తోంది. 110 దాటి ఇంకా ఎక్కుతుంటే వెంటనే ఆపేయించండి. అదే సమయంలో ఏసీ గాలి మధ్య వెంటులో ఒక థర్మామీటరు పెట్టండి. మే నెల ఎండలో కూడా 12 డిగ్రీల లోపుకు రావాలి. రాకపోతే కంప్రెసరు, కండెన్సరు ఖర్చు వేసుకోవాలి.

ఇక దుమ్ము. ఎయిర్ ఫిల్టరు బాక్సు మూత నాలుగు స్క్రూలో క్లిప్పులో విప్పితే వస్తుంది. ఫిల్టరు మురికిగా ఉండడం పెద్ద విషయం కాదు, ఉతికిన తెల్లగుడ్డ వేలికి చుట్టి, ఫిల్టరు దాటాక ఇంజిన్ వైపు వెళ్లే పైపు లోపలి గోడ తుడవండి. గుడ్డ తెల్లగానే రావాలి. ఎర్రగానో బూడిదరంగులోనో మరక పడితే దుమ్ము ఫిల్టరు దాటి లోపలికి పోయింది. తాడిపత్రి, బేతంచర్ల వైపు రాళ్ల పాలిషింగ్ యూనిట్ల మధ్య తిరిగిన బండ్లకు ఇది ఇంకా ముఖ్యం. ఆ దుమ్ము టర్బో రెక్కల అంచులను ఉలితో చెక్కినట్టు తినేస్తుంది, సిలిండరు గోడలను గీస్తుంది. శబ్దం కోసం పెట్టే నూనె పూసిన కోను ఫిల్టర్లు మన ఊళ్లకు పనికిరావు. అలాంటిది బిగించి ఉంటే, ఎంతకాలం నుంచి ఉందో అడిగి రేటులో గట్టిగా తగ్గించండి.

తక్కువ తిరిగిన బండి అంటే మంచి బండి అనుకుంటాం. ఎనిమిదేళ్లలో 18,000 కిలోమీటర్లే తిరిగిన కారు ఎక్కువ రోజులు షెడ్డులోనో చెట్టు కిందో పడి ఉంది. పెట్రోలు ట్యాంకులో జిగురు కట్టి ఉంటుంది, సీళ్లు ఎండి ఉంటాయి, ఎలుకలు వైర్లు కొరికి ఉంటాయి, బ్రేకు ఆయిలు తేమ పీల్చి ఉంటుంది. ఏడాదికి ఏడెనిమిది వేల కిలోమీటర్లు తిరిగి, ప్రతి ఏడూ ఆయిలు మార్చిన బిల్లులున్న బండే నయం.

కింద, చక్రాల దగ్గర

వీల్ అలైన్‌మెంట్ షాపులో బండిని పైకి లేపించండి. ఊళ్లలో స్పీడు బ్రేకర్ల ఎత్తు ఎలా ఉంటుందో తెలిసిందే. ఆయిలు సంపు అడుగు గీసుకుపోయిందా, కింది ప్లాస్టిక్ తొడుగు ఉందా ఊడిపోయిందా, జాకీ పెట్టే చోట రేకు వంగిందా, షాక్ అబ్జార్బర్ల మీద నూనె తడి ఉందా, డ్రైవ్ షాఫ్ట్ రబ్బరు బూట్లు చిరిగాయా చూడండి. అల్లాయ్ వీల్ లోపలి వైపు తప్పకుండా చూడాలి. బయటికి మెరుస్తూ ఉన్న చక్రానికి లోపల వెల్డింగ్ అతుకు ఉండొచ్చు. అది హైవే స్పీడులో ప్రాణం మీదికి వస్తుంది.

టైరు మీద చివరి నాలుగు అంకెలు తయారీ తేదీ. 2319 అంటే 2019లో 23వ వారం. మన ఎండల్లో ఐదేళ్లు దాటిన టైరును గాట్లు ఎంత ఉన్నా మార్చాల్సిందిగానే లెక్కించండి. స్పీడు అక్షరం కూడా చూడండి: వీ అంటే గంటకు 240, డబ్ల్యూ 270, వై 300. బండికి కంపెనీ చెప్పినదానికంటే తక్కువ అక్షరమున్న చౌక టైర్లు వేసి ఉంటే, ఓనరు మిగతా చోట్లా అలాగే పొదుపు చేసి ఉంటారు. లోపలి అంచు మాత్రమే అరిగితే బండిని కిందికి దించారో, సస్పెన్షన్ వంగిందో. బ్రేకు డిస్కు మీద కనీస మందం మిల్లీమీటర్లలో చెక్కి ఉంటుంది. వెర్నియర్ పెట్టి కొలిచి సరిచూడండి.

స్కానర్ చెప్పేది

బండి కంప్యూటర్లో ఎర్రర్ కోడ్లు లేవని సంతోషించకండి. నిన్ననే చెరిపేసి ఉండొచ్చు. మామూలు ఓబీడీ యాప్‌లోనే ‘కోడ్లు చెరిపాక తిరిగిన దూరం’, ‘రెడీనెస్ మానిటర్లు’ (బండి తన భాగాలను తానే పరీక్షించుకోవడం పూర్తయిందో లేదో చెప్పేవి) అని ఉంటాయి. దూరం 15 కిలోమీటర్లు, మానిటర్లు సగం పూర్తికాలేదు అని చూపిస్తే మీరొస్తున్నారని తెలిసి చెరిపారు. వారం తిప్పాక మళ్లీ చూపించమనండి. కిలోమీటర్ల మీటరు వెనక్కి తిప్పారేమో తెలుసుకోవడానికి ఆ కంపెనీ బండ్లు చేసే మెకానిక్ దగ్గరి స్కానర్ కావాలి. గేర్‌బాక్స్, బ్రేకు, ఎయిర్‌బ్యాగు కంప్యూటర్లు కొన్నిట్లో ఎర్రర్ వచ్చినప్పటి కిలోమీటర్లు నమోదై ఉంటాయి. మీటరు 48,000 అంటుంటే ఒక పాత ఎర్రర్ 71,000 దగ్గర నమోదై ఉండడం కుదరదు.

పవరు పెంచే ట్యూనింగ్ చేశారా, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేశారా సూటిగా అడగండి. తయారీ వివరాలకు విరుద్ధంగా మార్పులు చేయడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. క్లెయిము దగ్గర ఇన్సూరెన్సు వాళ్లూ పేచీ పెడతారు. పాత పార్టులు అట్టపెట్టెలో భద్రంగా ఉన్నాయంటే కొంత నయం. లేవంటే వాటిని కొనే ఖర్చు బాకీలోకి వస్తుంది. మార్పులకు పెట్టిన డబ్బును అమ్మేవారు రేటులో కలిపితే ఒప్పుకోవద్దు.

నడిపి చూడడం

ముందు ట్రాఫిక్‌లో. కర్నూలులో రాజ్‌విహార్ వైపు, అనంతపురంలో టవర్‌క్లాక్ చుట్టూ, కడపలో ఏడు రోడ్ల కూడలి దగ్గర పది పదిహేను నిమిషాలు ఆగుతూ కదులుతూ నడపండి. డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ (రెండు క్లచ్‌లతో తనంతట తానే గేర్లు మార్చేది) జబ్బు ఖాళీ హైవే మీద తెలియదు, ఇక్కడ తెలుస్తుంది. ఒకటి నుంచి రెండుకు మారేటప్పుడు వణకడం, రివర్సులో ఎగుడు ఎక్కేటప్పుడు కుదుపు, న్యూట్రల్లోకి జారిపోవడం, వీటిలో ఏది కనిపించినా మెకట్రానిక్ యూనిట్ (గేర్‌బాక్స్‌ను నడిపే కంప్యూటర్ భాగం) లేదా క్లచ్ ప్యాకు వరకు ఖర్చు వెళ్తుంది. మాన్యువల్ అయితే నాలుగో గేరులో 50 స్పీడుకు వచ్చి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఇంజిన్ చప్పుడు ఎగబాకి బండి వేగం మాత్రం అలాగే ఉంటే క్లచ్ జారుతోంది.

తర్వాత హైవే. 44వ నంబరు మీదో, కర్నూలు నుంచి ఓర్వకల్లు వైపు 40వ నంబరు మీదో. పరిమితి గంటకు 100, దాటాల్సిన అవసరం లేదు. మూడో గేరులో 40 నుంచి 100కు లాగినప్పుడు మధ్యలో తడబాటు, ఈలలాంటి శబ్దం ఉంటే బూస్టు లీకు, అంటే టర్బో నెట్టే గాలి మధ్యలో బయటికి పోతోంది. 80 నుంచి 100 మధ్య స్టీరింగ్ వణికితే వీల్ వంకర. వెనక ఎవరూ లేనప్పుడు 80 నుంచి గట్టిగా బ్రేకు వేస్తే స్టీరింగ్ అదిరితే డిస్కులు పోయాయి.

కడప వాళ్లకు ఒక మంచి వసతి ఉంది. రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్. లోడు లారీల వెనక నిదానంగా ఎక్కుతూ కూలెంటు అంకె చూడండి. దిగేటప్పుడు బ్రేకు పెడల్ మెత్తబడుతుందా చూడండి. అక్కడ ఓవర్‌టేక్ చేసి బండి సత్తా చూసుకునే పని మాత్రం వద్దు.

బండిని బట్టి ప్రత్యేకంగా

2017 ఆక్టేవియా ఆర్‌ఎస్ 230లో ఆరు గేర్ల డీఎస్‌జీ (ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్) తడి క్లచ్ రకం, అంటే క్లచ్ నూనెలో ఉంటుంది. దాని ఆయిలు, ఫిల్టరు ప్రతి 60,000 కిలోమీటర్లకు మార్చాలి. 70,000 తిరిగి, మార్చిన బిల్లు లేదంటే మార్చలేదనే లెక్క. పోలో జీటీ టీఎస్‌ఐలో ఉన్న ఏడు గేర్లది పొడి క్లచ్ రకం. ఎండ, ట్రాఫిక్ రెండూ దానికి పడవు.

మస్టాంగ్ జీటీ 2016లో మన దేశానికి వచ్చింది, అయిదు లీటర్ల వీ8. ఛాసిస్ నంబరులో పదో అక్షరం మోడల్ సంవత్సరం: జీ అంటే 2016, హెచ్ అంటే 2017. బానెట్ ముందు అంచు కింద రంగు బుడగలు లేచాయేమో వేలితో తడమండి, అల్యూమినియం తుప్పు అక్కడే మొదలవుతుంది. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో మన దేశంలో తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. కాబట్టి లైటు, అద్దం, బంపరు లాంటివి ఎన్ని రోజులకు వస్తాయో ముందే కనుక్కోండి.

జెడ్4 మడత కప్పును మూడు సార్లు తెరిచి మూయించండి. ఒకసారి పనిచేసి మూడోసారి మొరాయించేవి ఉంటాయి. డిక్కీ కార్పెట్ కింద తడి, హైడ్రాలిక్ నూనె మరక చూడండి. 2008 వరకు వచ్చిన పోర్షే బాక్‌స్టర్, కేమన్‌లలో ఇంజిన్ లోపల ఉండే ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్ పోతే ఇంజినే పోతుంది. ఆ బండికి ఆ కంపెనీ స్పెషలిస్టు రిపోర్టు లేకుండా అడ్వాన్సు కూడా ఇవ్వొద్దు.

పది పదిహేను లక్షలు దాటిన ఏ బండికైనా ఆ రిపోర్టు మంచిదే. కర్నూలు నుంచి హైదరాబాద్, అనంతపురం నుంచి బెంగళూరు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకే. టోకెన్ ఇస్తే రసీదు మీద ‘తనిఖీలో లోపం తేలితే పూర్తిగా వాపసు’ అని రాయించుకోండి.

లెక్క

అడిగిన రేటు దగ్గర మొదలుపెట్టకండి. అదే మోడల్, ఒకటి రెండేళ్లు అటూఇటూగా ఉన్నవి బెంగళూరు, హైదరాబాద్, చెన్నైలలో ఓ నెలరోజులు గమనించి ఐదారు రేట్లు రాసుకోండి. వారంలో మాయమైన ప్రకటనల రేటు నిజానికి దగ్గర. నెల దాటినా కనిపిస్తూనే ఉన్న ప్రకటన రేటు ఎక్కువని అర్థం. పాలసీలోని ఐడీవీ (ఇన్సూరెన్సు కంపెనీ బండికి కట్టిన విలువ) ఒక కొండగుర్తు మాత్రమే, మార్కెట్ రేటు కాదు.

ఒక ఉదాహరణ చూద్దాం, అంకెలు లెక్క తెలియడానికే. ఆక్టేవియా ఆర్‌ఎస్, 66,000 కిలోమీటర్లు, 17 లక్షలు అడుగుతున్నారు. అన్నీ సరిగ్గా ఉన్న అలాంటి బండి 16.5 లక్షలకు పోతోందనుకుందాం. టైర్లు నాలుగు 60,000. గేర్‌బాక్స్ ఆయిలు, ఫిల్టరు 20,000. కూలెంటు హౌసింగ్ 40,000. ముందు డిస్కులు, ప్యాడ్లు 45,000. బ్యాటరీ 15,000. ప్లగ్గులు, ఫిల్టర్లు, బ్రేకు ఆయిలు 20,000. మొత్తం 2 లక్షలు. మిగిలింది 14.5. గేర్‌బాక్స్ సర్వీసు బిల్లు లేదు కాబట్టి, రిపేరు వస్తే అయ్యే ఖర్చులో సగం రిస్కు కింద తీయాలి. అది 75,000 అనుకుంటే 13.75 లక్షలు. మీ దగ్గర ఈ అంకెల స్థానంలో నిజమైన కొటేషన్లు ఉండాలి. పార్టు నంబరు చెప్పి ఇద్దరు ముగ్గురి దగ్గర తెప్పించుకోండి.

కర్ణాటక, తెలంగాణ బండి అయితే ఇంకో గీత వేయాలి. వేరే రాష్ట్రం బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే కొత్త రిజిస్ట్రేషన్ మార్కు తీసుకోవాలి, లైఫ్ టాక్సు కట్టాలి. బండి వయసు, మొదటి ఇన్‌వాయిస్ విలువ రెండూ చూసి వేస్తారు కాబట్టి ఖరీదైన బండికి అది లక్షల్లోకి పోతుంది. ఆర్‌టీఏ ఆఫీసులో అంకె రాయించుకొని తర్వాతే బేరానికి కూర్చోండి. పాత రాష్ట్రంలో కట్టిన టాక్సుకు వచ్చే రీఫండును చేతికొచ్చేదాకా లెక్కలో వేయొద్దు.

బేరంలో ‘తగ్గించండి’ అని అడగడం కంటే ఆ కాగితం ముందు పెట్టడం మేలు. డిస్కు మందం ఇంత, కనీసం ఇంత ఉండాలి, కొటేషన్ ఇదిగో అంటే మాట పెంచడానికి ఏం మిగలదు. అవతలివారు ‘సరే, ఆ పనులు నేనే చేయించి ఇస్తా’ అంటే చౌక పార్టులు పడే ప్రమాదం ఉంది. రేటు తగ్గించుకొని మీరే చేయించుకోండి. మీ అంకెకు, వాళ్ల అంకెకు లక్షన్నర తేడా నిలబడిపోతే వదిలేసి రండి. రెండు మూడు నెలల్లో అదే బండి గురించి మీకే ఫోను వచ్చే అవకాశం ఎక్కువ.

డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నిషేధం. పేరు మార్పుకు కావాల్సిన ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు, వేరే రాష్ట్రం బండికి ఫారం 28 ఎన్‌ఓసీ, రెండు తాళాలు, సర్వీసు బుక్కు, వీల్ లాక్ నట్టు తాళం ఒకేసారి తీసుకోండి. ఆ లాక్ నట్టు తాళం లేకపోతే పంచరైనప్పుడు రోడ్డు మీద నిలబడిపోతారు. పేరు మార్పుకు 30 రోజుల్లోపు దరఖాస్తు చేయాలి. ఇన్సూరెన్సు కూడా వెంటనే మీ పేరుకు మార్పించుకోండి. డెలివరీ నోటు మీద తేదీతో పాటు గంట, నిమిషం రాసి ఇద్దరూ సంతకం చేయండి. ఆ నిమిషానికి ముందున్న చలాన్లు వాళ్లవి, తర్వాతవి మీవి.